స్లాబు దగ్గర ఆగిపోయిన ఇల్లు: దేవుడు కట్టించడం లేదనుకోవాలా?

వందనాలు తమ్ముడూ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఒంగోలు దగ్గర పల్లెలో మూడు సెంట్ల స్థలంలో ఇల్లు మొదలుపెట్టారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసి పునాది రాయి వేశారు. రెండు నెలల క్రితం స్లాబు పడింది, దాంతో చేతిలో డబ్బు అయిపోయింది. బేస్‌మట్టం గోడలో సన్నటి చీలిక కనిపించింది. వంటగది మూల తప్పింది, వాస్తు చూపించమని మీ మామగారు అంటున్నారు. ఇంట్లో మీకూ మీ భార్యకూ, అంటే మా చెల్లెమ్మకూ, రోజూ మాటామాటా పెరుగుతోంది. టెన్షన్‌తో రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదన్నారు. చివర్లో 127వ కీర్తన గుర్తుచేసి, "యెహోవా ఇల్లు కట్టించనియెడల కట్టేవాళ్ళ ప్రయాస వ్యర్థమే అంటే, మా ఇల్లు ఆయన కట్టించడం లేదనేగా?" అని అడిగారు.

నేను పాస్టరును కాను. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ముప్పై నాలుగేళ్ళు ఇళ్ళు కట్టించినవాణ్ణి. మొదట తాపీ మేస్త్రి దగ్గర తట్ట మోశాను, తర్వాత సైటు సూపర్‌వైజరునయ్యాను, ఆ తర్వాత సొంతంగా కాంట్రాక్టులు చేశాను. ఇప్పుడు మా సంఘంలో పెద్దగా ఉన్నాను. నాకు తెలిసిన వాక్యంలో ఎక్కువ భాగం పనిలో దెబ్బ తిని నేర్చుకున్నదే. అందులోంచే చెబుతాను.

ముందు మీ ప్రశ్నకు జవాబు. ఇల్లు ఆగిపోతే దేవుడు వదిలేశాడని ఆ కీర్తనలో ఎక్కడా లేదు. దాని మీద ఎవరి పేరుందో చూడండి, సొలొమోనుది. యెరూషలేము మందిరాన్ని ఏడేళ్ళు కట్టించినవాడు. రాజుల గ్రంథం ప్రకారం తన సొంత ఇంటికి ఆయనకు 13 ఏళ్ళు పట్టింది. దేశమంతా కూలీలు ఉన్న రాజుకు అన్నేళ్ళు పడితే, స్కూలు జీతం మీద కట్టుకుంటున్న మీకు రెండు నెలలు ఆగితే అది శాపమా? ఆ కీర్తన రెండో వచనం కూడా చదవండి. వేకువనే లేచి, రాత్రి పొద్దుపోయాక పడుకుని తినే కష్టార్జితం వ్యర్థమని చెప్పి, తన ప్రియులు నిద్రపోతుండగా ఆయన వారికి ఇస్తాడంటుంది. నిద్ర పట్టడం లేదని రాసిన మనిషి మొదట చదవాల్సిన మాట అది. మూడో వచనానికి వచ్చేసరికి ఇటుకల ఇల్లు పోయి పిల్లలు వస్తారు. మన భాషలో కూడా ఇల్లంటే గోడలు ఒక్కటే కాదు కదా, "ఆమె ఇల్లు నిలబెట్టింది" అంటే ఎవరూ తాపీ పని అనుకోరు. ఆ కీర్తన అడిగేది ఆ ఇంటి గురించి.

ఇక పునాది. దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నా జీవితంలో పెద్ద తప్పు అక్కడే జరిగింది.

మీ ఊరిది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుపోతుంది. మే నెలలో పొలంలో చెయ్యి దూరేంత నెర్రెలు మీరూ చూసే ఉంటారు. అలాంటి నేల మీద పైపైన పునాది వేస్తే ఇల్లు ఏడాదికొకసారి లేచి దిగుతుంది. నాలుగు మూలలూ ఒకేలా కదలవు కాబట్టి కిటికీ మూల నుంచి గోడ ఐమూలగా చీలుతుంది. దీనికి విరుగుడు ఏనాటి నుంచో ఉంది. తడికీ ఎండకూ మారే మట్టిని దాటి కిందికి వెళ్ళాలి. లేదా అడుగున ఉబ్బెత్తుగా గడ్డలా ఉండే కాంక్రీటు స్తంభాలు, అంటే అండర్‌రీమ్డ్ పైల్స్, నేలలోకి వేయాలి. లోతైన నల్లరేగడిలో వాటి పొడవు కనీసం మూడున్నర మీటర్లు, అంటే పదకొండున్నర అడుగులు ఉండాలని మన ఇండియన్ స్టాండర్డ్ చెబుతుంది. అంత లోతు ఎందుకంటే, పైన ఎండా వానా ఎంత ఆడినా అక్కడి మట్టి పెద్దగా మారదు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే 1996లో నా ఇంటికి మూడడుగులే తవ్వించాను. చెల్లి పెళ్ళి ఆ ఇంట్లోనే చేయాలన్న తొందర. పైకి ఇల్లు చాలా బాగా వచ్చింది, చుట్టాలందరూ మెచ్చుకున్నారు. రెండో వేసవిలో హాలు కిటికీ మూల చీలింది. సిమెంటు పెట్టి రంగు వేశాను. కార్తీకంలో వానలకు మూసుకుంది, మళ్ళీ మే నెలలో తెరుచుకుంది. మా ఆవిడ దాని మీద వాక్యం క్యాలెండరు తగిలించింది. మూడేళ్ళు అలాగే గడిపాం.

ఆ రోజుల్లో నేను ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుని. కొలతల పుస్తకంలో తవ్విన దానికంటే ఎక్కువ లోతు రాయడం అక్కడ మామూలు. నాలుగడుగులు తవ్వితే ఐదున్నర అని రాస్తారు. మట్టి కప్పేశాక ఎవరు చూస్తారు? నేనూ రాశాను, సంతకం పెట్టాను. ఆదివారం ఆరాధనలో వాక్యపఠనం చేసేది కూడా నేనే.

ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో లూకా సువార్త ఆరో అధ్యాయం వచ్చింది. బండ మీద ఇల్లు, ఇసుక మీద ఇల్లు ఉపమానం మత్తయి సువార్త నుంచి మనకు సండేస్కూల్లోనే కంఠతా వస్తుంది. లూకా మాత్రం అందులో ఇంకో మాట చెబుతాడు, ఆ మనిషి "లోతుగా త్రవ్వి" పునాది వేశాడని. ఆ మాట చదివి ముందుకు వెళ్ళలేకపోయాను. ఎదురుగా క్యాలెండరు, దాని వెనక చీలిక.

ప్రభువు ఉన్న దేశంలో వానలు చలికాలంలో పడతాయి. వేసవిలో వాగులన్నీ ఎండి, ఇసుక చదునుగా, కట్టుకోవడానికి సులువుగా కనిపిస్తుంది. వాన రాకముందు ఆ రెండు ఇళ్ళ ముందు నిలబడి ఉంటే ఏది గట్టిదో నేను కూడా చెప్పలేకపోయేవాణ్ణి. తేడా అంతా మట్టి కింద ఉంది. ప్రభువు చెప్పిన తేడా కూడా వినడంలో లేదు. ఇద్దరూ ఆయన మాట విన్నవాళ్ళే, ఒకడు విన్నదాని చొప్పున చేశాడు. నేను విన్నాను, మైకు ముందు చదివి వినిపించాను, తెల్లారి వెళ్ళి దొంగ లోతు రాశాను.

ఆ సోమవారం నుంచి ఉన్న లోతే రాశాను. రెండు నెలలకు ఉద్యోగం పోయింది. ఇంటి పునాదిని కొంచెం కొంచెంగా తవ్వించి కిందికి కాంక్రీటు దింపించాను. బాత్రూము నీళ్ళు గోడ దగ్గర ఇంకకుండా దూరంగా మళ్ళించాను. చుట్టూ వాలుగా గచ్చు చేయించాను. మొదట మిగుల్చుకున్న దానికి ఎన్నో రెట్లు ఖర్చయింది, అప్పు తీర్చడానికి ఏళ్ళు పట్టింది. చెల్లి పెళ్ళి ఒక నెల వాయిదా వేసుకుని ఉంటే సరిపోయేది.

మీ చీలిక సంగతి. చూడకుండా ఏమీ తేల్చలేను. భయపడకండి, అలాగని సిమెంటు పూసి కప్పెట్టకండి కూడా. చీలిక రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి తేదీ రాయండి. అడ్డంగా సన్నటి గాజు ముక్కను రెండు వైపులా సిమెంటుతో అతికించండి. నేల కదిలితే గాజు పగులుతుంది. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గమనించండి. గాజు అలాగే ఉంటే చీలిక కదలడం లేదన్నమాట. పగిలితే మాత్రం స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. ఈలోగా గోడల చుట్టూ నీళ్ళు నిలవకుండా చూడండి.

స్లాబు పడ్డాక ఏ పనీ జరగడం లేదని మీరు బాధపడ్డారు. ఆ మాట దగ్గర కొంచెం ఆగాలనిపించింది. సిమెంటు ఎండి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీళ్ళతో కలిసి గట్టిపడుతుంది, ఆ నీళ్ళు ఎండకు ఆవిరైపోతే మధ్యలోనే ఆగిపోతుంది. అందుకే స్లాబు మీద మట్టితో మడులు కట్టి నీళ్ళు నిలబెడతాం, పిల్లర్లకు గోనెసంచులు చుట్టి తడుపుతాం. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీకైనా (బూడిద కలిపిన సిమెంటు) మన ఎండలకైనా కనీసం పది రోజులు, పద్నాలుగు చేస్తే మరీ మంచిది. 28 రోజుల బలాన్ని లెక్కలోకి తీసుకుంటాం. ఆ రోజుల్లో దారిన పోయేవాళ్ళకు సైటు పాడుబడ్డట్టే కనిపిస్తుంది. ఇంటికి బలం వచ్చేది ఆ రోజుల్లోనే.

ఇంకొకటి. ఒకరోజు ట్యాంకరు తెప్పించి నిండా పోసి, ఆరు రోజులు వదిలేస్తే స్లాబుకు మేలు జరగదు. రోజూ తడి ఉండాలి. మీ ఇంట్లో ప్రార్థన గురించి మీరు రాసింది చదివినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది. నెలకొకసారి ఉపవాస కూటానికి వెళ్ళి రాత్రంతా ఏడ్చి వస్తున్నారు, మంచిదే. మిగతా రోజుల్లో ఇంట్లో ఇద్దరూ కలిసి పది నిమిషాలు మోకాళ్ళ మీద ఉంటున్నారా? ఉద్యోగం పోయిన ఆ రెండేళ్ళూ మా ఆవిడ పొద్దున్నే పొయ్యి వెలిగించే ముందు నన్ను లేపి కూర్చోబెట్టేది. పెద్ద పెద్ద ప్రార్థనలేమీ కావు. ఒక కీర్తన, రెండు మాటలు. అప్పుడు ఏమీ జరుగుతున్నట్టు అనిపించలేదు. తర్వాత మా పెద్దవాడు జబ్బుపడి మూడు నెలలు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మేమిద్దరం కూలిపోకుండా నిలబడ్డామంటే, ఆ తడి వల్లేనని నా నమ్మకం.

డబ్బు విషయానికి వస్తే, గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు. మీరు లెక్క చూసుకున్నారు, కానీ స్లాబు వరకే చూశారు. చాలామంది చేసేది ఇదే. స్లాబు పడితే ఇల్లు అయిపోయినట్టు అనుకుంటారు. ప్లాస్టరింగు, తలుపులు, కరెంటు, పైపులు, గచ్చు, రంగులు కలిస్తే అంతకు ముందు పెట్టిన దానికి దగ్గరగా వెళ్తుందని నా అనుభవం. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తానన్నారు. తమ్ముడూ, వద్దు. అంటే ఏడాదికి లక్షకు 36 వేలు, మీ జీతాన్ని అది తినేస్తుంది. ఒక గది, వంటగది, ఒక బాత్రూము పూర్తిచేసుకుని చేరిపోండి. అద్దె మిగులుతుంది, మిగతాది నెమ్మదిగా చేసుకోవచ్చు. అయితే గోడల్లో కరెంటు పైపులు మాత్రం ప్లాస్టరింగుకు ముందే అన్ని గదులకూ వేయించండి, తర్వాత గోడలు పగలగొట్టడం దండగ. పైఅంతస్తు కోసం స్లాబు మీద వదిలిన కడ్డీలకు తుప్పు పట్టకుండా చిక్కటి సిమెంటు పాలు పూయించండి. "కట్టడం మొదలుపెట్టాడు, ముగించలేకపోయాడు" అని ఎవరో నవ్వుతారన్న భయంతో అప్పు చేయకండి. మీ తోడల్లుడు ఆరు నెలల్లో కట్టాడన్నారు, ఆయన లెక్క ఆయనది.

ఒక మాట అడగడానికి మనసొప్పడం లేదు కానీ అడుగుతాను. రాడ్ బెండింగ్ వాళ్ళకు ఇంకా బాకీ ఉందని మధ్యలో ఒక వాక్యంలో రాసి దాటేశారు. ముందు అది తీర్చండి. ఏ రోజు కూలి ఆ రోజు, పొద్దు గూకకముందే ఇవ్వాలని ధర్మశాస్త్రం చెబుతుంది. బిగపట్టిన కూలి మొర పెడుతుందని యాకోబు రాశాడు. శనివారం బట్వాడా అందకపోతే ఆదివారం ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు, నేను తట్ట మోసిన ఇంట్లోంచి వచ్చాను. మందిరం కట్టడానికి పెద్ద పెద్ద కానుకలిచ్చి, మేస్త్రిని నెలలు తిప్పించుకున్న విశ్వాసుల్ని చూశాను, నా మనసు ఇప్పటికీ మండుతుంది.

మన ఒంగోలు ప్రాంతానికి దీంట్లో ఒక చరిత్ర ఉంది. 1876-78 కరువులో మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ళ పని కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో భూములు కొలిచే సర్వేయరు. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టి, ఆకలితో వచ్చిన మాదిగ పేటల జనానికి పనీ కూలీ ఇప్పించాడు. కూలి కోసం ఎవరూ విశ్వాసంలోకి రాకూడదని ఆ సాయం జరుగుతున్నన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఖ్య మన సంఘాల్లో అందరికీ తెలుసు. దాని ముందున్న పలుగూ పారా గురించి తక్కువ చెబుతారు. మా నాయనమ్మ మాత్రం తన పెద్దవాళ్ళు ఆ కాలువ తవ్విన సంగతే ముందు చెప్పేది.

వాస్తు గురించి క్లుప్తంగా చెబుతాను. వంటగది పగలగొట్టకండి. పొగ బయటికి పోతోందా, వెలుతురు వస్తోందా, గాలి ఆడుతోందా, ఈ మూడూ చూడండి. లేకపోతే ఒక కిటికీ పెంచండి, చాలు. దేవుని పేరున పునాది రాయి వేసి, తర్వాత భయంతో మూలలు మార్చుకుంటే మీ పిల్లలకు ఏది నమ్మాలో తెలియదు. అయితే మామగారిని సంఘంలో వాదించినట్టు వాదించకండి. ఆయన భయం కూతురి మీద ప్రేమలోంచి వచ్చింది. పక్కన కూర్చుని టీ తాగి, "మామయ్యా, మేము ప్రార్థన చేసి మొదలుపెట్టాం, అలాగే ముగిస్తాం" అని నెమ్మదిగా చెప్పండి.

చెల్లెమ్మ విషయంలో కొంచెం గట్టిగా చెబుతున్నాను, పెద్దవాణ్ణి అనుకుని వినండి. పునాదికి తన గాజులు అమ్మి ఇచ్చింది. ఇప్పుడు లెక్క అడిగితే "నీకేం తెలుసు" అన్నానని మీరే రాశారు. ఇటుకలు పేర్చే ముందు నీళ్ళలో ఎందుకు నానబెడతారో మీ మేస్త్రిని అడగండి. ఎండు ఇటుక పెడితే అది మాల్‌లో, అంటే సిమెంటూ ఇసుకా కలిపిన ముద్దలో, ఉన్న నీళ్ళన్నీ పీల్చేస్తుంది, ఇక ఇటుకకూ మాల్‌కూ పట్టు ఉండదు. పైకి గోడ గోడలాగే కనిపిస్తుంది, చేత్తో లాగితే ఇటుక ఊడొస్తుంది. ఈ రాత్రి బిల్లులన్నీ ఆమె ముందు పెట్టండి. ఎవరికి ఎంత బాకీ ఉందో దాచకుండా చెప్పండి. ముందు క్షమాపణ అడగండి, లెక్కలు తర్వాత.

గృహప్రతిష్ఠ కూడిక పెట్టుకున్నప్పుడు, అది ఒక్క గదికే అయినా సరే, మేస్త్రినీ, రాడ్ బెండింగ్ వాళ్ళనూ, కాంక్రీటు తట్టలు మోసిన ఆడవాళ్ళనూ కుటుంబాలతో సహా పిలవండి. వాళ్ళను ముందు వరసలో కూర్చోబెట్టి, మొదటి బంతిలో మీరే వడ్డించండి. ఆ ఇంటి ప్రతి అంగుళం వాళ్ళ చేతుల మీదుగా వచ్చింది.

చివరిగా ఒక పని, దీన్ని మాత్రం డబ్బు లేదని వాయిదా వేయకండి. మీ చిన్నవాడికి మూడేళ్ళన్నారు. ఫోటోలో మెట్లు పైదాకా కట్టేసి ఉన్నాయి, స్లాబు చుట్టూ ఇంకా ఏ అడ్డూ లేదు. కొత్త ఇల్లు కట్టుకుంటే పైనుంచి ఎవరూ పడకుండా చుట్టూ పిట్టగోడ కట్టమని ద్వితీయోపదేశకాండంలో దేవుడే ఆజ్ఞ ఇచ్చాడు. రంగులూ టైల్సూ తర్వాత చూసుకోవచ్చు. మూడున్నర అడుగుల ఎత్తు పిట్టగోడ లేచేదాకా మెట్ల మొదట్లో రేకు తలుపో, కనీసం సెంట్రింగ్ చెక్కలో అడ్డంగా కొట్టించండి. అది ఈరోజు సాయంత్రమే చేయించండి తమ్ముడూ.